నల్లా రోజు ముగ్గు, మిగతా రోజు మౌనం: 100 పొద్దుల ప్రాజెక్టు డైరీ

పొద్దున్నే లేచి కాసేపు మనసుతో కూర్చోవాలని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నేను పడ్డ గుంతల్లో ఇంకొకరు పడకూడదని, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు నా పరిస్థితి. ఉప్పల్ దగ్గర ఒక ఇంట్లో కింది పోర్షన్‌లో అద్దెకుంటాం. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని, 17 ఏళ్ళ సర్వీసు. ఇంట్లో అత్తయ్య, మా ఆయన, ఇద్దరు పిల్లలు. పెద్దోడు ఈ ఏడే పదో తరగతి పరీక్షలు రాశాడు. అమ్మ ఖమ్మంలో ఒక్కతే ఉంటుంది. రెండేళ్ళుగా నా తలలో తిరుగుతున్న ప్రశ్న ఒకటే: ఉద్యోగం మానేయాలా, వద్దా? దానికి జవాబు దొరకాలనే ఈ పని మొదలుపెట్టాను.

2025 జనవరి 5 నా మొదటి రోజు. రోజుల లెక్క అంతా అక్కడి నుంచే.

1వ దశ: తెల్లవారుజామున 4:30 (1 నుంచి 6వ రోజు)

వేసుకున్న ప్లాన్: 4:30కి లేవడం, గోరువెచ్చని నీళ్ళు, ప్రాణాయామం, 20 నిమిషాల ధ్యానం, సూర్యనమస్కారాలు, డైరీ, పుస్తకం పది పేజీలు, నడక. మొత్తం ఎనిమిది పనులు, గంటన్నర.

ఆరు రోజుల్లో ఎనిమిదీ పూర్తయింది రెండే రోజులు. మిగతా నాలుగు రోజులు కూర్చున్నచోటే కునుకు పట్టింది. అప్పుడు పడుకునే టైమ్ రాసి చూసుకున్నాను. సగటున రాత్రి 11:40. అంటే నేను నిద్రపోయింది 4 గంటల 50 నిమిషాలు. ఆరో రోజు ఆఫీసులో ఒకే ఇన్‌వాయిస్‌ను రెండుసార్లు ఎంట్రీ చేశాను, సాయంత్రం దాకా దొరకలేదు. దాంతో ఆపేశాను.

అసలు 4:30 ఎందుకు పెట్టుకున్నానంటే నా దగ్గర సమాధానం లేదు. అందరూ బ్రాహ్మీ ముహూర్తం అంటారు కదా అని. లెక్క వేస్తే అదీ తప్పే. ముహూర్తం అంటే రెండు గడియలు, గడియకు 24 నిమిషాలు, అంటే 48 నిమిషాలు. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు, అంటే 96 నిమిషాల ముందు మొదలవుతుంది. జనవరి మొదటి వారంలో హైదరాబాద్‌లో సూర్యుడు 6:45 దాటాకే వస్తాడు. కాబట్టి అది 5:10 ప్రాంతంలో మొదలై ఆరింటికి కాస్త ముందు అయిపోతుంది. 4:30కి నేను లేచింది ఏ ముహూర్తమూ కాదు, నా నిద్రలో ముక్క అంతే.

నిద్రలో కలలు ఎక్కువగా వచ్చే భాగం తెల్లవారుజాము వైపే ఉంటుంది. ముందు రాత్రి ఆలస్యంగా పడుకుని పొద్దున త్వరగా లేస్తే మనం కోసేది ఆ భాగాన్నే. ఈ సంగతి తెలిశాక 4:30 మీద మోజు పూర్తిగా పోయింది.

మధ్యలో ఆరు రోజులు (7 నుంచి 12వ రోజు)

సంక్రాంతికి ఖమ్మం వెళ్ళాం. ఏమీ చేయలేదు. ఒక్క విషయం మాత్రం రాసిపెట్టుకున్నాను. భోగి నాడు అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే రెండు చోట్ల చుక్క మీద చుక్క పడింది. అమ్మ వేలితో తడుముకుని, చెరిపి మళ్ళీ పెట్టింది. మా అమ్మ చేతిలో చుక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు. చీకటిగా ఉంది కదా, అందుకేమో అనుకున్నాను.

2వ దశ: పొద్దున సంగతి రాత్రే తేలాలి (13 నుంచి 20వ రోజు)

లేవడం 5:10కి మార్చాను. 10:15కి నిద్ర పట్టాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చాను.

1. అందరి భోజనం 9:30 నుంచి 8:30కి జరిపాం.
2. పిల్లల టిఫిన్ బాక్సుల కూర కోసిపెట్టడం, బియ్యం కడిగి పెట్టడం 9:15 లోపు.
3. రాత్రి గిన్నెలు మా ఆయన తోముతారు. ఇది అడగడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయన మాత్రం "సరే, ఇందులో ఏముంది" అన్నారు.
4. 9:45కి హాల్లో లైటు ఆపేయడం.

ఎనిమిది రోజుల్లో ఐదు రోజులు కుదిరింది. నిద్ర సగటు 6 గంటల 50 నిమిషాలకు వచ్చింది. పొద్దున పనుల్లో ఎనిమిదింటికి ఆరు తీసేశాను. కూర్చోవడం, రాయడం మాత్రం ఉంచాను. మొత్తం రెండు గడియలు, 48 నిమిషాలకు మించకూడదని గీత గీసుకున్నాను.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ చెప్పే మాటను ఇక్కడే వదిలేయండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మంది మీద చేసిన పరిశీలనలో ఒక కొత్త పని అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 వచ్చేలా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే తేలింది. ఈ రెండో మాట నాకు కొండంత ధైర్యం ఇచ్చింది.

*ఇప్పటివరకు: 20 రోజులు, అనుకున్నది కుదిరి టిక్ పడినవి 7, ఖర్చు సున్నా.*

3వ దశ: ఫోన్ (21 నుంచి 27వ రోజు)

అలారం కోసమని ఫోన్ దిండు పక్కన ఉండేది. అలారం ఆపిన చెయ్యి వాట్సాప్ దగ్గరికి పోయేది. ఫోన్‌లోనే లెక్క ఉంటుంది కదా, ఐదు రోజులు చూశాను. లేచిన గంటలో సగటున 31 నిమిషాలు దానికే పోయింది. నా రెండు గడియల్లో గడియకు పైనే.

మార్చింది: 320 రూపాయలు పెట్టి అలారం గడియారం కొన్నాను. అది టిక్ టిక్ అంటుంటే అత్తయ్యకు నిద్ర పట్టలేదు. రెండో రోజు దాన్ని హాల్లో షెల్ఫు మీదకు మార్చాను. ఆపాలంటే లేచి తొమ్మిది అడుగులు నడవాలి. ఆ నడక వల్లే మళ్ళీ పడుకోవడం ఆగింది. ఫోన్ రాత్రి 9:45 నుంచి వంటింట్లో, మిక్సీ వెనక. రాత్రిపూట అమ్మ ఫోన్ చేస్తే వినపడేలా రింగ్ మాత్రం పెంచి ఉంచాను.

ఇందులో ఇంతకన్నా చెప్పుకోవడానికి లేదు. చేస్తే పనిచేస్తుంది.

4వ దశ: నల్లా, ముగ్గు (21 నుంచి 37వ రోజు)

అసలు తలనొప్పి ఇక్కడ వచ్చింది. మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు, పొద్దున ఐదున్నర ప్రాంతంలో వస్తుంది. నాలుగు పోర్షన్ల వాళ్ళం వంతులు వేసుకుని తాగేనీళ్ళు పట్టుకుంటాం. మిగిలిన నీళ్ళు సంపులోకి వదులుతాం. నేను 5:30కి కళ్ళు మూసుకుంటే, పక్క పోర్షన్ ఆవిడ "అక్కా, మీ వంతు!" అని పిలిచేది. 2వ దశలో వచ్చిన మొదటి నాలుగు నల్లా రోజుల్లోనే ఒక్కసారి కూర్చుంటే సగటున మూడుసార్లు లేవాల్సి వచ్చింది. లేచి వచ్చి కూర్చున్నాక కూడా చెవులు బయటే ఉండేవి.

ముందు టైమ్ మార్చి చూశాను. 4:50కి లేస్తే మళ్ళీ నిద్ర తగ్గింది. రాత్రికి మారిస్తే కళ్ళు మూతలు పడ్డాయి. అప్పుడు అత్తయ్య ఒక మాట అంది. "ఎట్లాగూ వాకిట్లోనే ఉంటివి కదమ్మా, ఆ రోజు ముగ్గన్నా మంచిగ వెయ్యి." అప్పటిదాకా నేను రోజూ నాలుగు గీతలు గీసి వచ్చేసేదాన్ని. ఆ రోజు నుంచి నల్లా రోజు కూర్చోవడం తీసేసి, ముగ్గును దాని స్థానంలో పెట్టాను.

వేసే పద్ధతి ఇది:

1. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాలి. నేల నీళ్ళు పీల్చుకునేదాకా ఆగాలి. మా సిమెంటు వాకిలికి చలికాలంలో నాలుగు నిమిషాలు పడుతుంది. తొందరపడితే పిండి ముద్దవుతుంది, ఆలస్యమైతే తేలిపోతుంది.
2. మధ్య వరసలో 7 చుక్కలు. పైనా కిందా 6, 5, 4 సందు చుక్కలు. మొత్తం 37.
3. చుక్కకూ చుక్కకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. మొదట్లో రెండు వేళ్ళే పెట్టాను, మెలిక తిప్పడానికి చోటు చాలలేదు.
4. మెలికల ముగ్గే వేయాలి. గీత ప్రతి చుక్కను చుట్టుకుంటూ వెళ్ళి, మొదలైన చోటికి రావాలి.
5. తప్పిన చోట చెరపకూడదు. ఎన్ని చుక్కలు తప్పాయో నోట్‌బుక్‌లో రాయాలి.

ఐదో అంశమే ఈ పనికి ప్రాణం. కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు మనసు ఎప్పుడు పక్కకు పోయిందో మనకు తెలియదు. ముగ్గులో అది నేల మీద తెల్లగా కనపడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా, ఒకే దారంలా దిగుతూ ఉంటుంది. ఆలోచన మారగానే వేళ్ళు కొంచెం బిగుస్తాయి, గీత అక్కడ పలచబడుతుంది. ఇంకో రెండు చుక్కలు దాటేసరికి మెలిక కుడికి తిరగాల్సింది ఎడమకు తిరుగుతుంది. అక్కడ ఆగి చూస్తే, ఆ క్షణంలో ఏం అనుకుంటున్నానో స్పష్టంగా గుర్తొచ్చేది. ఫలానా మెయిల్. పెద్దోడి లెక్కల మార్కులు. అమ్మ నిన్న ఫోన్‌లో గొంతు ఎందుకో నీరసంగా ఉండటం.

ఎనిమిది నల్లా రోజుల్లో నేను తప్పిన చుక్కలు వరుసగా: 5, 6, 4, 4, 2, 3, 1, 1.

ఇందులో నా నేర్పు పెరగడం కూడా కలిసి ఉంది, అది ఒప్పుకోవాలి. అందుకే తొమ్మిదోసారి నుంచి ముగ్గు మార్చాను. మళ్ళీ 4 తప్పాయి. వారానికొకసారి ముగ్గు మార్చకపోతే చెయ్యి దానంతట అదే తిరుగుతుంది, మనసు ఊళ్ళు తిరుగుతుంది.

*ఇప్పటివరకు: 37 రోజులు, టిక్ పడినవి 20. ఖర్చు: గడియారం 320, ముగ్గుపిండి 40, మొత్తం 360 రూపాయలు.*

5వ దశ: కూర్చోవడం (నల్లా లేని రోజుల్లో)

మోకాళ్ళు: ఉత్త చాప మీద ఆరో నిమిషానికి నొప్పి మొదలయ్యేది. అమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన బొంతను మడతలు వేసి నాలుగు అంగుళాల ఎత్తు చేశాను. నడుము మోకాళ్ళకన్నా పైకి వచ్చింది. 17 నిమిషాల దాకా నొప్పి లేదు.

కునుకు: లేచిన వెంటనే కూర్చుంటే ఐదు రోజుల్లో మూడు రోజులు కునుకు. చల్లటి నీళ్ళతో ముఖం కడుక్కుని, ఐదు నిమిషాలు వాకిట్లో నిలబడి వచ్చాక కూర్చుంటే ఆరు రోజుల్లో ఒక్కసారి. లేచాక మెదడు పూర్తిగా తేరుకోవడానికి కాస్త సమయం పడుతుంది, దానికి ఆ వ్యవధి ఇవ్వాలి.

ఊపిరి లెక్క: ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం, మధ్యలో తప్పితే మళ్ళీ ఒకటి. మొదటి వారం నాలుగు దాటలేదు. రెండో వారానికి పది దాకా వెళ్ళాను, కానీ ఛాతీ బరువెక్కింది. ఎందుకంటే లెక్క తప్పకూడదని ఊపిరిని నేనే లాగుతున్నాను. అకౌంట్స్ బుద్ధి ఇక్కడ అడ్డం పడింది. లెక్క మానేసి, ముక్కు దగ్గర గాలి తగలడాన్ని మాత్రం గమనించడం మొదలుపెట్టాను. నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరం చేసి వచ్చిన ఒక కొలీగ్ ఇదే చెప్పింది. అక్కడ మొదటి మూడు రోజులూ ఊపిరిని మార్చకుండా గమనించడమే నేర్పుతారట. నాకు పది రోజుల సెలవు ఇప్పట్లో కుదరదు. 17 నిమిషాలు కుదురుతుంది.

33వ రోజు ఊరికే ఏడుపొచ్చింది. పది నిమిషాలకు తగ్గింది, మళ్ళీ రాలేదు. కానీ మీకు కూర్చున్న ప్రతిసారీ ఇలా అవుతుంటే, రోజుల తరబడి నిద్ర పట్టకపోతే, దయచేసి కూర్చోవడం ఆపి డాక్టర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే డబ్బులేమీ తీసుకోరు. మనసు బాగా దెబ్బతిని ఉన్నప్పుడు మౌనం మందు కాకపోవచ్చు.

6వ దశ: రాయడం, ప్రశ్న మార్చడం (38 నుంచి 85వ రోజు)

37వ రోజు దాకా నోట్‌బుక్‌లో రోజూ ఒకే ప్రశ్న: "నాకు జీవితంలో ఏం కావాలి?" 11 పేజీలు రాశాక వెనక్కి తిప్పి చూశాను. తొమ్మిది పేజీల్లో ప్రశాంతత అని ఉంది. ఆరింటిలో గుర్తింపు అని ఉంది. వాటిని పట్టుకుని నేను ఏ పనీ చేయలేను. పెద్ద ప్రశ్నకు పెద్ద మాటలే వస్తాయి.

కొత్త ప్రశ్నలు మూడు:

1. నిన్న ఏ పని చేస్తుండగా గడియారం చూసుకోలేదు?
2. నిన్న అనుకోకుండా మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది ఏది?
3. ఏ పనిని వాయిదా వేస్తున్నాను?

ఒక్కోదానికి రెండు లైన్లు, ఏడు నిమిషాలు. తర్వాత పుస్తకం మూసేయడం. పాత పేజీలు చదవకూడదు. ఈ నియమం మొదటి వారంలో రెండుసార్లు తప్పాను. తప్పిన రోజుల్లో నిన్నటి మాటలే మళ్ళీ రాసినట్టు తర్వాత తెలిసింది. అందుకే రాసిన పేజీలన్నీ కలిపి రబ్బరు బ్యాండ్ వేశాను.

48 రోజుల్లో 42 పేజీలు. తప్పిన ఆరు రోజుల్లో రెండు పెద్దోడి పరీక్షలు మొదలైన మార్చి 21, 22. ఒక రోజు జ్వరం. మిగతా మూడింటికి కారణం రాసుకోలేదు.

7వ దశ: రంగు పెన్సిళ్ళు (85వ రోజు, మార్చి 30, ఉగాది)

పచ్చడి, పూజ అయ్యాక మధ్యాహ్నం రబ్బరు బ్యాండ్ తీశాను. ఒక్కో విషయానికి ఒక్కో రంగు. ఒక పేజీలో రెండు విషయాలుంటే రెండు రంగులు.

అమ్మ: 26 పేజీలు
పెద్దోడి పరీక్షలు: 15
డబ్బు, అద్దె: 11
ఉద్యోగం మానేయడం: 8

చాలాసేపు ఆ అంకెల వైపే చూస్తూ కూర్చున్నాను. రెండేళ్ళుగా నా సమస్య ఉద్యోగమే అనుకున్నాను. 42 పేజీల్లో అది ఎనిమిదింటిలోనే ఉంది. తేదీలు కూడా చూశాను. ఆ ఎనిమిదిలో ఆరు, నెలలో 11కో 20కో ఒకటి రెండు రోజుల ముందువి. కంపెనీ జీఎస్టీ లెక్కల్లో 11న జీఎస్టీఆర్-1, 20న 3బి రిటర్ను ఆఖరి తేదీలు. అంటే మానేయాలనిపించింది ఉద్యోగం మీద విరక్తితో కాదు, ఆ రెండు మూడు రోజుల అలసటతో.

అమ్మ పేజీల్లో ఏముందో చదివాను. ఫిబ్రవరి 19: "అమ్మ కరెంటు బిల్లు పక్కింటి పిల్లాడితో చదివించుకుందట." మార్చి 4: "బీపీ మాత్రలు రెండు పూటలవీ కలిసిపోయాయి." మార్చి 13: "కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. పరీక్షలయ్యాక." మూడో ప్రశ్న కింద, వాయిదా వేస్తున్నది ఏది అన్నదానికి, ఈ కంటి డాక్టర్ మాట 14 సార్లు రాశాను. 14 పొద్దులు నా చేత్తో నేనే రాసి పుస్తకం మూసేశాను. భోగి నాటి చుక్కలు అప్పుడు గుర్తొచ్చాయి.

రోజూ పాత పేజీలు చదవకపోవడం మంచిదే, కానీ లెక్క తీయడానికి 85వ రోజు దాకా ఆగడం నా పెద్ద తప్పు. మీరు చేస్తే రెండు వారాలకొకసారి రంగులు వేయండి. నేను 14వ పేజీ దగ్గరే లెక్క తీసి ఉంటే, అమ్మ నెల రోజుల ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళేది.

*ఇప్పటివరకు: 85 రోజులు, టిక్ పడినవి 62. ఖర్చు: నోట్‌బుక్‌లు రెండు 90, పెన్సిళ్ళు 50 కలిపి మొత్తం 500 రూపాయలు.*

8వ దశ: చేసిన పనులు (86 నుంచి 100వ రోజు)

1. ఆఫీసులో రాజీనామా మాట ఎత్తలేదు. నెలలో రెండు శనివారాలు సెలవు అడిగాను. 11, 20 తేదీల పక్కన రానివ్వనని చెప్పాను. ఒప్పుకున్నారు.
2. ఏప్రిల్ 4న పెద్దోడి పరీక్షలు అయిపోయాయి. మర్నాడే ఖమ్మం వెళ్ళాను.
3. రెండు కళ్ళలోనూ పొర వచ్చిందని, కుడి కన్ను ముదిరిందని డాక్టర్ చెప్పారు. 9వ తేదీన కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి తర్వాత.

ఖమ్మంలో నా పద్ధతి చాలా వరకు చెదిరింది. ఈ దశ మొత్తం 15 రోజుల్లో 11 టిక్‌లు. కూర్చోవడం ఐదు రోజులే. చుక్కల మందు వేళలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను, మూడు ప్రశ్నలూ వాటి కిందే రాశాను. సూర్యోదయం ఇప్పుడు ఆరింటికి వచ్చేసింది. జనవరి లెక్క ప్రకారం వెళ్తే మళ్ళీ 4:30కి లేవాలి. అది చేయదలచుకోలేదు. ఎండాకాలమంతా 5:10నే ఉంచుతాను.

100వ రోజు, ఏప్రిల్ 14. అమ్మ వంగకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు. అందుకని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి ముగ్గు నేను వేశాను. 7 చుక్కలు, 4 దాకా. అమ్మ నల్ల కళ్ళద్దాలు పైకి ఎత్తబోతే వద్దన్నాను. అట్లాగే అద్దాల్లోంచి చూసింది.

"అమ్మాయ్, ఎడమ చేతి వైపు చివరి వరసలో ఒకటి తక్కువుంది చూడు."

లెక్కపెట్టాను. 36 ఉన్నాయి.

*మొత్తం: 100 రోజులు, టిక్ పడినవి 73, ఖర్చు 500 రూపాయలు. ఈ పూట తప్పిన చుక్కలు: 1.*